బక్ కన్వర్టర్ బోర్డులో ఏడీసీ రీడింగులు ఊగుతున్నాయి, గ్రౌండ్ ఎక్కడ కలపాలి?

ప్రశ్న:
నమస్కారం అండీ. 12 వోల్టుల అడాప్టర్ నుంచి 5 వోల్టులు తీయడానికి ఎల్‌ఎమ్2596 అడ్జస్టబుల్ ఐసీతో రెండు లేయర్ల బక్ కన్వర్టర్ (వోల్టేజీ తగ్గించే సర్క్యూట్) బోర్డు చేయించాను. లోడ్ 2 ఆంపియర్ల దాకా ఉంటుంది. మల్టీమీటర్‌లో 5 వోల్టులు సరిగ్గానే చూపిస్తోంది. లోడ్ పెరిగితే మాత్రం అదే బోర్డు మీది మైక్రోకంట్రోలర్ ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) రీడింగులు ఊగిపోతున్నాయి. ఆసిలోస్కోపులో చూస్తే పెద్ద పెద్ద స్పైకులు (క్షణంలో ఎగిసిపడే వోల్టేజీ). అవుట్‌పుట్‌లో 1000 మైక్రోఫారడ్లు పెట్టినా తేడా లేదు. పవర్ గ్రౌండ్, సిగ్నల్ గ్రౌండ్ విడదీసి జాక్ దగ్గర మాత్రమే కలిపాను. ఇంకెక్కడ కలపాలి?

జవాబు:
ముందు స్కోపు సంగతి తేల్చుకోండి. ప్రోబ్ కొన, దాని గ్రౌండ్ క్లిప్పు రెండూ బోర్డు మీద ఒకే గ్రౌండ్ పాయింటుకు తాకించి చూడండి. అక్కడా స్పైకులు కనిపిస్తే వాటిలో కొంత ఆ పొడవాటి క్లిప్పు వైరు పట్టుకొస్తున్నదే. క్లిప్పు తీసేసి, కొన పక్కనే పొట్టి స్ప్రింగ్ పెట్టి కొలవండి. ఇన్‌పుట్ కెపాసిటర్, డయోడ్ ఎక్కడున్నాయో కూడా చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
స్ప్రింగ్‌తో సగానికి తగ్గాయి, కానీ పోలేదు. ఇన్‌పుట్ కెపాసిటర్ జాక్ పక్కన ఉంది, ఐసీకి 4 సెంటీమీటర్ల దూరం. డయోడ్ ఐసీ దగ్గరే.

మరో జవాబు:
ఇన్‌పుట్ కెపాసిటర్ అంత దూరంగా ఉండటమే అసలు సమస్యండీ. అవుట్‌పుట్ వైపు కాయిల్ ఉంది కాబట్టి అక్కడ కరెంటు నెమ్మదిగా మారుతుంది. ఇన్‌పుట్ కెపాసిటర్, ఐసీ, డయోడ్, గ్రౌండ్ మీదుగా తిరిగి కెపాసిటర్ - ఈ చుట్టులో మాత్రం సెకనుకు లక్షన్నర సార్లు కరెంటు ఒక్కసారిగా తెగుతుంది, మొదలవుతుంది. ట్రాక్ ఒక మిల్లీమీటరుకు సుమారు 1 నానోహెన్రీ వేసుకోండి. మీ 4 సెంటీమీటర్లకు 40. 2 ఆంపియర్లు 40 నానోసెకన్లలో మారితే 2 వోల్టుల స్పైక్! పైగా ఆ కరెంటు తిరిగొచ్చే గ్రౌండ్ రాగి చివరనే, అంటే జాక్ దగ్గరే, మీ సిగ్నల్ గ్రౌండ్ కలిపారు. ఏడీసీకి సున్నా అనేదే ఊగుతుంటే అవుట్‌పుట్ కెపాసిటర్ ఎంత పెద్దదైతే ఏం లాభం?

ఈ బోర్డునే సరిచేయొచ్చు. 10 మైక్రోఫారడ్, 50 వోల్టుల ఎక్స్7ఆర్ రకం సిరామిక్ కెపాసిటర్ ఒకటి ఐసీ 1వ పిన్ను (ఇన్‌పుట్), 3వ పిన్ను (గ్రౌండ్) మధ్య వీలైనంత దగ్గరగా టంకం వేయండి. డయోడ్ యానోడ్ నుంచి 3వ పిన్నుకు పొట్టి మందపాటి వైరు వేయండి. జాక్ పక్కనున్న పాత ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ తీసేయకండి, అడాప్టర్ గుచ్చినప్పుడు వచ్చే రింగింగ్‌ను అదే అణుస్తుంది. జాక్ దగ్గరి కలయిక కోసేసి, సిగ్నల్ గ్రౌండ్‌ను అవుట్‌పుట్ కెపాసిటర్ నెగటివ్ దగ్గర కలపండి. తర్వాతి బోర్డులో అసలు గ్రౌండ్ చీల్చొద్దు, కింది లేయరంతా ఒకటే రాగి వదిలేయండి.

ప్రశ్న అడిగినవారు:
చేశాను సార్, స్పైకులు దాదాపు పోయాయి! టెన్షన్ తీరింది. కానీ 2 ఆంపియర్ల దగ్గర 5 వోల్టుల మీద ఇంకా కాస్త అలజడి ఉంది.

మరో జవాబు:
ఫీడ్‌బ్యాక్ ట్రాక్ (అవుట్‌పుట్ వోల్టేజీ ఎంతుందో ఐసీకి తెలిపే దారి) కాయిల్ కింద నుంచి పోతోందా?

ప్రశ్న అడిగినవారు:
అవునండీ, అదే దగ్గరి దారి అని. కాయిల్ డ్రమ్ రకం.

మరో జవాబు:
డ్రమ్ కాయిల్‌కు కవచం ఉండదు, దాని అయస్కాంత క్షేత్రం నేరుగా ఆ ట్రాక్ మీద పడుతుంది. ట్రాక్ కోసేసి, అవుట్‌పుట్ కెపాసిటర్ ప్లస్ నుంచి సన్నటి ఇన్సులేటెడ్ వైరును కాయిల్‌కు దూరంగా బోర్డు అంచు మీదుగా తీసుకురండి. అవుట్‌పుట్ వోల్టేజీని నిర్ణయించే రెండు రెసిస్టర్లూ ఐసీ 4వ పిన్ను (ఫీడ్‌బ్యాక్) పక్కనే ఉండాలి.