పాల్ రాబ్సన్ మౌనాన్ని సమర్థించగలమా?

మెట్టపొలం:
పాల్ రాబ్సన్ గొంతంటే నాకు ప్రాణం. అమెరికా నల్లజాతి కళాకారుల్లో అంత ఎత్తు మనిషి ఇంకొకరు లేరని ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆయన జీవితంలో ఒక ఘట్టం నాకు మింగుడు పడటం లేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

1949 జూన్‌లో రాబ్సన్ మాస్కో వెళ్లారు. తన పాత మిత్రుడు, యిడ్డిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) కవి ఇట్సిక్ ఫెఫర్‌ని చూడాలని పట్టుబట్టారు. అప్పటికి ఫెఫర్ జైల్లో ఉన్నాడు. అతన్ని శుభ్రంగా తయారుచేసి హోటల్ గదికి తీసుకొచ్చారు. గదిలో మైకులు ఉన్నాయని ఫెఫర్ సైగలతో చెప్పాడు. పైకి మామూలు కబుర్లు చెబుతూనే, తమ ఇద్దరి మిత్రుడైన నటుడు సొలొమన్ మిఖోయెల్స్‌ని స్టాలిన్ మనుషులే చంపారనీ, తన గతీ అంతేననీ తెలియజేశాడు. ఇదంతా రాబ్సన్ కొడుకు తర్వాత బయటపెట్టిన విషయం.

అమెరికా తిరిగొచ్చాక రాబ్సన్ ఏమన్నారు? సోవియట్ యూనియన్‌లో యూదుల మీద వేధింపులేవీ తన కంట పడలేదన్నారు. 1952 ఆగస్టులో ఫెఫర్‌ని కాల్చి చంపారు. అదే ఏడాది చివర్లో రాబ్సన్‌కి స్టాలిన్ శాంతి బహుమతి ప్రకటించారు. 1953లో స్టాలిన్ పోతే ఆయన మనస్ఫూర్తిగా నివాళి రాశారు. అన్యాయం ఎక్కడ జరిగినా పాడతానన్న మనిషి ఇక్కడ ఎందుకు నోరు విప్పలేదు? దీన్ని సమర్థించగలిగేవాళ్లు ఉంటే చెప్పండి.

పాత రికార్డు:
మెట్టపొలం గారూ, మీరు సగమే చెప్పారు. ఫెఫర్‌ని కలిసిన ఆ ప్రయాణంలోనే, జూన్ 14న, మాస్కో చైకోవ్‌స్కీ హాల్లో రాబ్సన్ కచేరీ చేశారు. చివర్లో ఫెఫర్, మిఖోయెల్స్ ఇద్దరి పేర్లూ ఎత్తి, వాళ్లు తనకు ఎంత ఆప్తులో సభలో చెప్పారు. తర్వాత నాజీల మీద తిరగబడ్డ యూదు పోరాట యోధుల పాటను యిడ్డిష్‌లో పాడారు. అప్పట్లో అక్కడ ఆ పేర్లు పైకి అనడానికే జనం వణికేవారు. ఆ హాల్లో ఉన్నవాళ్లకి ఆయన ఎవరి తరఫున పాడుతున్నారో విడమరిచి చెప్పక్కర్లేదు. దాన్ని మౌనం అంటే నేను ఒప్పుకోను.

ఇక అమెరికా వైపు చూడండి. ఆయన నాన్న బానిసగా పుట్టి, పారిపోయి, పాస్టర్ అయిన మనిషి. రాబ్సన్ రట్జర్స్ కాలేజీలో చదువులోనూ ఫుట్‌బాల్లోనూ మొదటి వరసలో నిలిచారు. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో లా పూర్తిచేసి ఒక లాయర్ ఆఫీసులో చేరితే, నల్లవాడు చెబితే నేను రాసుకోనంది అక్కడి స్టెనోగ్రాఫర్. ఆయన ఆ వృత్తే వదిలేశారు. రంగస్థలానికి, సినిమాకి, పాటకి దక్కిన రాబ్సన్ అలా దక్కినవాడే.

1949 ఏప్రిల్‌లో పారిస్ శాంతి సభలో ఆయన మాట్లాడిన మాటల్ని వార్తాసంస్థ వక్రీకరించి, అమెరికా నల్లవాళ్లు సోవియట్ యూనియన్ మీద యుద్ధానికి రారని ఆయన అన్నట్టు పంపింది. ఆ వేసవి చివర్లో న్యూయార్క్ రాష్ట్రంలోని పీక్‌స్కిల్ దగ్గర ఆయన కచేరీ మీద మూకలు దాడి చేశాయి. మొదటిసారి కచేరీ జరగనే లేదు. వారం తిరిగాక మళ్లీ పెట్టి పాడారు, తిరిగి వెళ్తున్న జనం బస్సుల మీద, కార్ల మీద రాళ్ల వాన కురిసింది. 1950లో పాస్‌పోర్ట్ లాక్కున్నారు. హాళ్లు ఇవ్వలేదు, రికార్డులు షాపుల్లోంచి మాయమయ్యాయి. ఏడాదికి లక్ష డాలర్లు దాటి సంపాదించిన మనిషి ఆదాయం కొన్ని వేలకు పడిపోయింది. ఆ పరిస్థితిలో ఆయన స్టాలిన్ గురించి అన్న ప్రతి ముక్కా ఎవరి చేతిలో ఆయుధం అయ్యేదో ఆలోచించండి.

మెట్టపొలం:
మాస్కో కచేరీ సంగతి నాకు తెలుసండీ. నా బాధ మరింత పెరిగేది అక్కడే. ఆ పాట పాడారంటే ఆయనకు అంతా అర్థమైందన్నమాట. తెలియక మోసపోయిన మనిషైతే క్షమించడం తేలిక. తెలిసినవాడు న్యూయార్క్ వచ్చి వేరే మాట చెప్పాడు. ఫెఫర్ అప్పటికి ఇంకా బతికే ఉన్నాడు. రాబ్సన్ లాంటి ప్రపంచ ప్రసిద్ధుడు గొంతెత్తి ఉంటే అతన్ని కాపాడగలిగేవారో లేదో మనం చెప్పలేం, కానీ ప్రయత్నం జరగలేదు. 1956లో స్టాలిన్ తర్వాతి సోవియట్ నేత క్రుశ్చేవ్ స్వయంగా స్టాలిన్ నేరాల గురించి మాట్లాడాక కూడా, అదే ఏడాది జూన్‌లో కమ్యూనిస్టుల మీద విచారణ జరిపే అమెరికా ప్రతినిధుల సభ కమిటీ అడిగితే రాబ్సన్ అది సోవియట్ ప్రజలు తేల్చుకోవాల్సిన విషయం అన్నారు.

తూర్పుగాలి:
ఇక్కడ ఆయన సినిమాల సంగతి కూడా రావాలి. ఎందుకంటే తప్పు ఒప్పుకోవడం రాని మనిషి కాదు రాబ్సన్.

1935లో లండన్‌లో ‘శాండర్స్ ఆఫ్ ది రివర్’ చేశారు. ఆఫ్రికా సంస్కృతిని గౌరవంగా చూపిస్తారని నమ్మి ఒప్పుకుంటే, చివరికి అది బ్రిటిష్ వలస పాలనను పొగిడే సినిమాగా తయారైంది. ఆయన దాన్ని బహిరంగంగా తిరస్కరించారు. 1942లో ‘టేల్స్ ఆఫ్ మాన్‌హట్టన్’లో నల్లవాళ్లని పాతకాలపు అమాయక కూలీలుగా చూపించారని విమర్శలొస్తే, థియేటర్ల ముందు నిరసనకారులతో తానూ నిలబడతానన్నారు. ఆ తర్వాత మళ్లీ హాలీవుడ్ సినిమా చేయలేదు. అప్పటికి ఆయనకు నలభై నాలుగేళ్లే. సినిమా నటుడిగా డబ్బు, పేరు వచ్చే దారిని తానే మూసుకున్నారు.

‘ఓల్ మ్యాన్ రివర్’ పాటని చూడండి. 1928లో లండన్ రంగస్థలం మీద, 1936లో తెర మీద ఆ పాటతోనే ఇంటింటికీ చేరారు. అందులో బతుకుతో అలసిపోయి చావంటే కూడా భయపడే మనిషి ఉంటాడు. 1930ల చివరికల్లా రాబ్సన్ ఆ చరణాన్నే మార్చి, చచ్చేదాకా పోరాడుతూనే ఉండాలి అని పాడటం మొదలుపెట్టారు. తనకు పేరు తెచ్చిన పాటను కూడా సరిచేసుకున్న మనిషాయన.

కాబట్టి స్టాలిన్ విషయంలో ఆయన అహంకారం వల్ల ఆగలేదు. సినిమా తప్పు ఒప్పుకుంటే నష్టపోయేది తనొక్కడే. సోవియట్ తప్పు ఒప్పుకుంటే లాభపడేది తన పాస్‌పోర్ట్ లాక్కున్నవాళ్లు. పోరాటంలో తనతో నిలిచినవాళ్లు చాలామంది అనాథలవుతారని ఆయన భయం. నేను ఆ లెక్కతో ఏకీభవించను. ఫెఫర్ ప్రాణం ఆ లెక్కలో ఎక్కడా లేదు. కానీ ఆ లెక్కను పిరికితనం అని మాత్రం అననివ్వను.

గోదారిగట్టు:
బ్రిటన్‌లోని వేల్స్ గని కార్మికుల గురించి ఎవరూ రాయలేదేమిటి? ఆయన తన సినిమాల్లో గర్వంగా చెప్పుకున్నది ‘ది ప్రౌడ్ వ్యాలీ’. 1940లో వచ్చింది, వేల్స్ గనుల్లోనే కథ. 1957లో పాస్‌పోర్ట్ లేక కదలలేని రాబ్సన్ న్యూయార్క్‌లో ఫోన్ పట్టుకుని, సముద్రం అడుగు కేబుల్ మీదుగా వేల్స్‌లోని పోర్త్‌కాల్ సభలో ఉన్న కార్మికులకు పాడారు. వాళ్లు తిరిగి ఆయనకు పాడారు. 1958లో సుప్రీంకోర్టు ఇంకొకరి కేసులో ఇచ్చిన తీర్పు వల్ల పాస్‌పోర్ట్ వచ్చింది.

ఆ ఏడాదే ఆయన అరవయ్యో పుట్టినరోజు మన దేశంలో జరపబోతే, అమెరికా అధికారులు ఆపించాలని చూశారు. నెహ్రూ లొంగలేదు. కొలంబియాలో చదివేటప్పుడు రాబ్సన్‌ని కలిసిన భూపేన్ హజారికా తర్వాత ఆ నది పాటనే అస్సామీలో బ్రహ్మపుత్ర మీద కట్టారు. హిందీలో గంగను ప్రశ్నించే పాటగా మనవాళ్లు విన్నది అదే. ఇదంతా పక్కనపెట్టి ఒక్క మౌనాన్ని పట్టుకుంటే ఎలాగండీ?

మెట్టపొలం:
గోదారిగట్టు గారూ, నేనేదీ పక్కన పెట్టడం లేదు. వేల్స్ కార్మికుల కోసం ఫోన్‌లో పాడినవాడు కాబట్టే ఫెఫర్ గురించి అడుగుతున్నాను. మామూలు నటుడైతే అడిగేదాన్నే కాదు.

పాత రికార్డు:
ఈ ప్రశ్నకి ఇంకో వైపు కూడా ఉంది. 1949 జూలైలో బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్‌ని అదే కమిటీ ముందుకు పిలిచి, రాబ్సన్‌కి వ్యతిరేకంగా మాట్లాడించారు. 1972లో రాబిన్సన్ తన ఆత్మకథలో, ఇప్పుడైతే ఆ పిలుపును తిరస్కరిస్తాననీ, రాబ్సన్ మీద తన గౌరవం పెరిగిందనీ రాశాడు. తోటి నల్లవాణ్ణి ఖండించు, నీకు మంచి పేరు ఇస్తాం అన్న బేరం అది. రాబ్సన్‌కి కూడా ఇచ్చింది అదే బేరం. ఖండించాల్సింది మాత్రం మారింది.

ఫెఫర్ సైగల కథ మనకు తెలిసింది కూడా రాబ్సన్ వల్లే. కొడుక్కి చెప్పి, తాను పోయిన చాలాకాలం దాకా బయటపెట్టొద్దని మాట తీసుకున్నారు. 1976లో ఆయన పోయారు, ఆ తర్వాతే కొడుకు రాశాడు. దాన్ని పూర్తిగా సమాధి చేయాలనుకున్నవాడు కొడుక్కి చెప్పడు.

తూర్పుగాలి:
పాత రికార్డు గారూ, ఆ చివరి మాటే నన్ను మెట్టపొలం గారి వైపు లాగుతోంది. 1958 తర్వాత పాస్‌పోర్ట్ చేతికొచ్చింది, ప్రపంచమంతా తిరిగారు. 1960లో సిడ్నీలో కడుతున్న ఒపేరా హౌస్ దగ్గర భవన కార్మికులకు పాడారు. అప్పటికి ఫెఫర్ పోయి ఎనిమిదేళ్లు, క్రుశ్చేవ్ మాట్లాడి నాలుగేళ్లు. కాపాడాల్సిన మిత్రుడు లేడు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. 1961లో మాస్కోలోనే ఆయన మనసు పూర్తిగా కుంగిపోయి మణికట్టు కోసుకున్నారు, లండన్ ఆస్పత్రిలో యాభైకి పైగా కరెంట్ షాక్‌లు ఇచ్చారు. ఆ తర్వాత ఆయన్ని ఏదీ అడిగే హక్కు ఎవరికీ లేదు. నా అభ్యంతరం 1958 నుంచి 1961 దాకా ఉన్న ఆ మూడేళ్ల గురించే.