అమ్మ ముఖం చీకట్లో, వెనుక ఆకాశం తెల్లగా: ఈ ఫొటోను బాగుచేసేదెలా?

పోయిన నెల అమ్మతో కలిసి ఒక కొండ ఎక్కాను. తీసిన ఫొటోలన్నిటిలో నాకు ప్రాణమైనదే సరిగా రాలేదు. శిఖరం మీద అమ్మ నవ్వుతోంది. సూర్యుడు వెనుక ఉండటంతో ముఖం నల్లబడింది, ఆకాశం సున్నం కొట్టినట్టు వచ్చింది.

కెమెరా పట్టిన సమాచారాన్ని ఉన్నదున్నట్టు ఉంచే రా ఫైలు లేదు, కుదించిన జేపెగ్ మాత్రమే ఉంది. మబ్బులున్న చోట పిక్సెళ్లు 255కు, అంటే పూర్తి తెలుపుకు, చేరిపోయాయి, అక్కడ రాబట్టడానికి వివరమేమీ మిగలలేదు. దాని మీద ఆశ వదులుకున్నాను. ముఖం సంగతి అలా కాదు. గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో, వెలుగునీడలను సరిచేసే కర్వ్స్‌తో నీడలను వెలిగిస్తే కళ్లు, కంటి చివరి ముడతలు కూడా కనిపిస్తున్నాయి. కానీ చెంపల మీద ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు తేలుతున్నాయి. గాలికి ఎగిరిన వెంట్రుకల చుట్టూ తెల్లటి అంచు ఏర్పడుతోంది. ఆ చుక్కలను, అంటే నాయిజ్‌ను, తగ్గిస్తే ముఖం మైనపు బొమ్మలా మారుతోంది, ఆ ముడతలు పోతే అది అమ్మ ముఖమే కాదు.

నాయిజ్ తగ్గించడం ముందా, వెలుగు పెంచడం ముందా? రంగుల చుక్కలను మాత్రమే తీసేసి చర్మం గరుకుదనాన్ని ఉంచవచ్చా? వెంట్రుకల దగ్గర మాస్క్ (మార్పు ఎంతవరకు పడాలో హద్దు పెట్టే పొర) అంచును ఎలా గీయాలి? 12×8 అంగుళాల ప్రింటు తీయించాలి, అంటే అంగుళానికి 300 చొప్పున 3600×2400 పిక్సెళ్లు. ఫొటోలో ఆ మేరకు పిక్సెళ్లు ఉన్నాయి. వేరే ఆకాశం అతికించమని మాత్రం చెప్పకండి, మేము చూసిన ఆకాశమే నాకు కావాలి.