మాంచెస్టర్ జాజ్ చరిత్రలో మొదటి పీట దేనికి: ఫ్రీ ట్రేడ్ హాల్‌కా, స్వాన్ స్ట్రీట్ పబ్బుకా?

సాల్‌ఫర్డ్ వాసి:

మాంచెస్టర్‌లో జాజ్ కచేరీల ప్రస్తావన వచ్చినప్పుడల్లా పెద్దతరం శ్రోతలు పీటర్ స్ట్రీట్‌లోని ఫ్రీ ట్రేడ్ హాల్ పేరే ముందుగా చెబుతారు. నేను పనిచేసిన ఆసుపత్రి నుంచి ఎప్పుడో రిటైరైన ఒక పెద్దాయన, అమెరికన్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్‌ను అక్కడ విన్నానని, పక్కనే జాన్ కోల్ట్రేన్ నిలబడి శాక్సఫోన్ వాయించాడని ఇప్పటికీ కళ్లకు కట్టినట్లు వర్ణిస్తారు. అక్కడే వాయిస్తూ వచ్చిన నగరపు సింఫనీ బృందం హాలే ఆర్కెస్ట్రా 1996లో బ్రిడ్జ్‌వాటర్ హాల్‌కు తరలిపోవడంతో ఆ పాత హాలు మూతపడింది. ముందు గోడను నిలిపి, వెనక కచేరీ జరిగే భాగాన్ని పడగొట్టి కట్టిన హోటలు 2004లో తెరుచుకుంది.

ఈ నగరపు జాజ్ చరిత్ర రాయవలసి వస్తే ఆ హాలు జ్ఞాపకాలను మధ్యలో పెట్టాలా, లేక స్వాన్ స్ట్రీట్‌లోని బ్యాండ్ ఆన్ ద వాల్ వంటి చిన్న చోట్లనా అన్నది నా ప్రశ్న. నేను చిన్న చోట్ల పక్షం. హాలుకు వచ్చిన అమెరికన్లు ఒక సాయంత్రం వాయించి మర్నాడు మరో ఊరికి వెళ్లిపోయారు. అప్పట్లో జార్జ్ అండ్ డ్రాగన్ అనే పేరున్న ఆ స్వాన్ స్ట్రీట్ పబ్బులో మాత్రం 1930లలోనే వాద్యకారులకు వెనక గోడ మీద ఎత్తుగా వేదిక కట్టారు. దాని వల్ల వచ్చిన బ్యాండ్ ఆన్ ద వాల్ (గోడ మీది బ్యాండు) అనే ముద్దుపేరే 1975లో జాజ్ క్లబ్బుగా మళ్లీ తెరిచినప్పుడు అసలు పేరయింది. అక్కడ వారం వారం వాయించినవారిలో చాలామంది ఈ ఊరివారే, మర్నాడు ఉద్యోగాలకు వెళ్లవలసినవారే. ఒక ఊరి సంగీత చరిత్ర అంటే ఆ ఊరు తానుగా వాయించినదే కావాలి గదా.

పాత టేపులు:

ప్రశ్న మంచిదే గానీ, సాల్‌ఫర్డ్ వాసిగారు ఉదాహరణగా చూపిన జ్ఞాపకం మాత్రం నిలబడదు. మైల్స్ డేవిస్ 1960 సెప్టెంబరులో ఫ్రీ ట్రేడ్ హాల్‌లో వాయించిన మాట నిజమే. అయితే అప్పటికే కోల్ట్రేన్ ఆ బృందాన్ని విడిచి వెళ్లిపోయాడు. ఆ ఏడాది వసంతంలో వారిద్దరూ కలిసి యూరప్ అంతా తిరిగారు గానీ బ్రిటన్‌లో అడుగు పెట్టలేదు. మాంచెస్టర్‌లో మైల్స్ పక్కన నిలబడినవాడు సోనీ స్టిట్ అనే మరో శాక్సఫోన్ వాద్యకారుడు. పియానో వింటన్ కెల్లీ, బాస్ పాల్ చేంబర్స్, డ్రమ్స్ జిమ్మీ కాబ్. ఆ కచేరీ టేపు మిగిలే ఉంది. శాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ బాటలో ప్రతి స్వరాన్నీ విడివిడిగా, నున్నగా పలికించే స్టిట్ ధోరణికీ, ఒక కార్డ్ (కలిపి పలికే స్వరాల గుంపు) మీద ఎన్ని స్వరాలు పడతాయో అన్నీ కుమ్మరించే అప్పటి కోల్ట్రేన్ ధోరణికీ మధ్య తేడా వినేవారికి తెలియకపోదు. కోల్ట్రేన్ తన సొంత బృందంతో, వాద్యకారుడు ఎరిక్ డాల్ఫీని వెంటబెట్టుకొని బ్రిటన్ వచ్చింది 1961 నవంబరులో. ఆ పెద్దాయన రెండు సంవత్సరాలను ఒక్క రాత్రిలో కలిపేసి ఉంటారు.

ఇందువల్లనే నేను హాలు పక్షం. హాలులో జరిగినదానికి కార్యక్రమ పత్రం ఉంటుంది, మర్నాటి పత్రికలో సమీక్ష ఉంటుంది, అదృష్టం బాగుంటే టేపు ఉంటుంది. పొరపాటును పట్టుకోవచ్చు. క్లబ్బు జ్ఞాపకానికి నోటిమాటే దిక్కు.

పైగా ఆ హాలు విలువ తెలియాలంటే అంతకుముందు ఉన్న కరవు తెలియాలి. అమెరికన్ వాద్యకారుల సంఘం బ్రిటిష్ బ్యాండ్లను తమ దేశంలోకి రానివ్వని కారణంగా, ఇక్కడి మ్యూజిషియన్స్ యూనియన్ పట్టుబట్టగా, బ్రిటిష్ కార్మిక శాఖ 1935 నుంచి అమెరికన్ బ్యాండ్లకు అనుమతులు ఆపివేసింది. ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడి అభిమాని అమెరికన్ బ్యాండ్లను ఎక్కువగా రికార్డుల మీదే విన్నాడు. 1953లో అమెరికన్ స్టాన్ కెంటన్ బ్యాండును వినడానికి వేలమంది సముద్రం దాటి డబ్లిన్ వెళ్లారు, ఎందుకంటే ఐర్లండ్‌కు ఆ నిషేధం వర్తించదు. చివరికి 1956లో ఇక్కడి టెడ్ హీత్ బ్యాండు అమెరికాకూ, కెంటన్ బ్యాండు ఇక్కడికీ వెళ్లేలా మార్పిడి ఒప్పందం కుదిరింది. ఆ తరువాత అమెరికన్ బ్యాండ్ నాయకులు వరుసగా వచ్చారు: కౌంట్ బేసీ వచ్చాడు, డ్యూక్ ఎలింగ్టన్ వచ్చాడు. పదిహేనుమంది వాద్యకారులను అట్లాంటిక్ దాటించి తెచ్చిన నిర్వాహకుడు ఖర్చు రాబట్టుకోవాలంటే పెద్ద హాలు కావాలి, ఒకే సాయంత్రం రెండు ఆటలు కావాలి. నూటయాభైమంది పట్టే పబ్బు ఆ పని చేయలేదు. ఆ కచేరీలు విని ఇంటికి వెళ్లిన కుర్రవాళ్లే తరువాత మీ పబ్బుల్లో వాయించినవారు.

లీడ్స్ శ్రోత:

నేను సాల్‌ఫర్డ్ వాసిగారితో ఏకీభవిస్తాను, అయితే కారణం వేరు. ఫ్రీ ట్రేడ్ హాల్ వాద్యబృందపు వయొలిన్లకూ బృందగానానికీ అనువైన చోటు. అటువంటి పెద్ద గదిలో తాళాల మోత గోడలను తాకి తిరిగి వచ్చేసరికి తరువాతి లయ మొదలైపోతుంది, ఆ రోజుల్లో మైకు లేకుండా వాయించిన డబుల్ బాస్ బాల్కనీ దాకా చేరేదే కాదు. 1980లలో నేను స్వాన్ స్ట్రీట్‌లో నలుగురు సభ్యుల స్థానిక బృందం ఎదురుగా, చేయి చాస్తే అందే దూరంలో కూర్చున్నాను. శాక్సఫోన్ మీటల కింది తోలు మెత్తలు రంధ్రాల మీద పడే టకటక చప్పుడు స్వరంతో పాటే వినిపించింది. బాస్ తీగ వేలు వదిలినప్పుడు చెక్కకు కొట్టుకున్న దెబ్బ, డ్రమ్మర్ బ్రష్షులతో తోలు మీద గుండ్రంగా రాస్తున్నప్పటి సవ్వడి, పియానో వాద్యకారుడు తాళం తప్పబోయిన సహచరుడికి తలతో చేసిన సైగ, ఇవేవీ ఏ టేపులోనూ ఉండవు. జాజ్‌లో సగం ఆ సైగలే. వాటిని చూడలేని చోట విన్నది జాజ్ కచేరీయే గానీ, దానికి సాక్షిని అనుకోవడం కష్టం.

మరో విషయం. హోటలు ముందు నిలబడి కన్నీరు పెట్టుకునేవారు గమనించవలసినది ఒకటుంది. 1940 డిసెంబరు బాంబుదాడిలో ఆ భవనం లోపలి భాగం ధ్వంసమై, 1951లో మళ్లీ కట్టిన హాలే మీ బేసీనీ మీ మైల్స్‌నూ విన్నది. పడగొట్టినది సరిగ్గా దానినే. వారసత్వం పేరుతో నిలబెట్టిన 1850ల నాటి ముందు గోడకు ఆ సంగీతంతో సంబంధమే లేదు, అది వీధి వైపు చూస్తూ నిలబడింది.

కచేరీ శ్రోత:

నేను కర్ణాటక సంగీతం వినేవాణ్ణి, జాజ్‌కు ఆలస్యంగా వచ్చాను. లీడ్స్ శ్రోతగారు చెప్పిన సైగలు మా కచేరీల్లో మృదంగానికీ వయొలిన్‌కూ మధ్య జరిగేవే, కనుక ఆ మాట నాకు వెంటనే అర్థమైంది. అయినా దగ్గరగా చూడనివాడు సాక్షి కాడంటే ఒప్పుకోలేను. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ 1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో బాలుడిగా వాయించి రాగం పేరైనా తెలియని సభను మెప్పించారు. తరువాత యార్క్‌షైర్‌లోని డాన్‌కాస్టర్‌లో పుట్టిన గిటార్ వాద్యకారుడు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో రిమెంబర్ శక్తి బృందంలో ఎన్నో పెద్ద హాళ్లలో వాయించారు. మనోధర్మానికి, అంటే అప్పటికప్పుడు కల్పించి వాయించడానికి, పెద్ద సభ అడ్డమైతే వారిద్దరూ చివరి వరుస వరకు ఎలా చేరగలిగారు?

సాల్‌ఫర్డ్ వాసి:

చేరగలిగారు, నిజమే. కానీ 1960 నాటికంటే ఎంతో మెరుగైన మైకులూ స్పీకర్లూ వారికి ఉన్నాయి, కనుక ఆ ఉదాహరణ ఈ హాలుకు పూర్తిగా వర్తించదు.

పాత టేపులుగారు చెప్పిన చరిత్రలో ఒక మెట్టు తప్పిపోయింది. 1961లో లండన్‌లోని రానీ స్కాట్ క్లబ్బు అమెరికన్ శాక్సఫోన్ వాద్యకారుడు జూట్ సిమ్స్‌ను పిలిపించడంతో, బ్యాండ్లకే కాక ఒంటరి వాద్యకారులకు కూడా మార్పిడి పద్ధతి తెరుచుకుంది. అప్పటి నుంచి అమెరికన్ సోలో వాద్యకారులు మాంచెస్టర్‌లోని క్లబ్ 43 వంటి చోట్లకు తమ వాద్యంతో మాత్రమే వచ్చి, ఇక్కడి పియానో, బాస్, డ్రమ్స్ వాద్యకారులను వెంట పెట్టుకొని వాయించారు. హాలులో మాంచెస్టర్ వాసి టిక్కెట్టు కొని కూర్చున్నాడు, క్లబ్బులో అదే అమెరికన్ పక్కన నిలబడి, ముందుగా సాధన లేకుండా, శ్రుతి పేరు చెవిలో చెప్పగానే పాట అందుకున్నాడు. కుర్రవాళ్లు హాలులో ఉత్సాహం తెచ్చుకొని ఉండవచ్చు గానీ, పని నేర్చుకున్నది ఇక్కడే.

పాత టేపులు:

క్లబ్ 43 విషయంలో మీ మాట కాదనను. అయితే హాలులో వాయించినవారు వచ్చి పోయే అతిథులు మాత్రమే అన్నది సరికాదు. 1958 అక్టోబరులో లీడ్స్ సంగీతోత్సవానికి వచ్చిన ఎలింగ్టన్ అక్కడ ఎలిజబెత్ రాణిని కలుసుకొని, తిరిగి వెళ్లాక ఆమె కోసం ఒక సంగీతమాలిక కూర్చి, ఒక్కటంటే ఒక్క రికార్డు ముద్రించి ఆమెకు పంపాడు. అది జనానికి వినిపించింది అతను పోయిన తరువాత, 1976లో. ఉత్తర ఇంగ్లండులో గడిపిన ఒక సాయంత్రం అతని రచనలోకే వెళ్లింది.

టేపుల మీద నాకు గుడ్డి నమ్మకం కూడా లేదు. 1966లో గాయకుడు బాబ్ డిలాన్ ఇదే ఫ్రీ ట్రేడ్ హాల్‌లో ఇచ్చిన కచేరీ దొంగ రికార్డు ఏళ్ల తరబడి లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్ పేరుతోనే చలామణి అయింది. చివరికి దాన్ని సరిదిద్దింది పత్రాలూ, ఆనాడు హాలులో ఉన్న మనుషులూ.

లీడ్స్ శ్రోత:

అయితే మీరే మా వైపు వచ్చినట్లున్నారు. మనుషుల మాట టేపును సరిదిద్దగలిగినప్పుడు, వారి మాట ముందుగా ఎక్కడ సేకరించాలన్నదే మిగిలిన ప్రశ్న. హాలుకు పత్రాలు ఉన్నాయి, అవి ఎక్కడికీ పోవు. క్లబ్ 43లో వాయించినవారూ, 2005లో మూతపడి 2009లో తెరుచుకోవడానికి ముందటి బ్యాండ్ ఆన్ ద వాల్‌లో వాయించినవారూ పెద్దవాళ్లయిపోయారు. వారి దగ్గరకు ముందు వెళ్లాలి. ఏ రాత్రి, ఎవరితో, ఏ పాటతో మొదలుపెట్టారు, ఎంత ఇచ్చారు అని అడగాలి.

సాల్‌ఫర్డ్ వాసిగారూ, మీ పెద్దాయన దగ్గరకు కూడా వెళ్లండి, కానీ ఆయన చేత కోల్ట్రేన్ పేరు కొట్టివేయించకండి. ఆయన చెప్పినది చెప్పినట్లు రాసి, టేపులో స్టిట్ ఉన్నాడని కింద వేరే పంక్తిలో రాయండి. వీలైతే 1961 నవంబరులో ఆయన కోల్ట్రేన్‌ను ఎక్కడైనా విన్నారేమో కనుక్కోండి.