పెళ్లి వీడియో క్యాసెట్లు డిస్క్‌లోకి ఎక్కించాలి, స్టూడియో వాళ్లు చెప్పింది నిజమేనా?

దేవరకొండ అబ్బాయి:
అందరికీ నమస్తే. 1993లో మా అక్క పెళ్లి ఇంటి ముందే పందిరేసి చేశారు. ఆ వీహెచ్ఎస్ క్యాసెట్లు మూడు, చెర్వుగట్టు జాతరలో బాబాయి తీయించింది ఒకటి, ఇన్నేళ్లూ సజ్జ మీద ఇనుప పెట్టెలో ఉన్నాయి. మా నాయిన గొంతు వినాలంటే మాకు ఇవే దిక్కు. మొన్న ఒక స్టూడియోలో జాతర క్యాసెట్ ఇస్తే డిస్క్ చేసిచ్చారు గానీ, మనుషులంతా పొట్టిగా లావుగా కనిపిస్తున్నారు, పైగా కలర్ వీడియో కాస్తా బ్లాక్ అండ్ వైట్ అయి కూర్చుంది. అడిగితే "పాత క్యాసెట్ కదా సార్, అంతే వస్తది" అన్నారు. నిజమేనా? ఇంకోటి, ఒక పెళ్లి క్యాసెట్ కిటికీలోంచి చూస్తే రీలు చుట్ట మీద తెల్లగా పౌడర్‌లా ఉంది. చుట్టాల దగ్గర వీసీఆర్ ఉంది, వేసి చూడాలా?

టేపుల డాక్టర్:
ఆ తెల్లదాన్ని మాత్రం వేయకండి తమ్ముడూ! అది బూజు. వీసీఆర్‌లో తిరిగిందంటే రీలును చదివే హెడ్‌కు అంటుకుంటుంది, ఆ తర్వాత వేసిన మంచి క్యాసెట్లకూ ఎక్కుతుంది, ఖర్మ కాలితే రీలు ఇరుక్కుని తెగుతుంది కూడా. దాన్ని విడిగా కవర్‌లో పెట్టి, రీలు శుభ్రం చేయడం తెలిసినవాళ్లకే ఇవ్వండి. తెగినా కంగారు పడొద్దు, అడుగున ఐదు స్క్రూలు విప్పి అతికించొచ్చు, అతుకు దగ్గర కొంచెం బొమ్మ పోతుంది, అంతే. మిగతావాటిని ఒకసారి చివరిదాకా ముందుకు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పాకే ప్లే చేయండి, ఏళ్ల తరబడి కదలని రీలు పొరలు అతుక్కుని ఉంటాయి.

పాలమూరు వాలా:
"అంతే వస్తది" అన్నది ఒట్టి సాకు. మన దగ్గర క్యాసెట్లు పాల్ (PAL) అనే టీవీ సిస్టమ్‌వి, సెకనుకు 25 ఫ్రేములు. క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించే క్యాప్చర్ సాఫ్ట్‌వేర్లు చాలావరకు మొదట అమెరికా సిస్టమ్ ఎన్‌టీఎస్‌సీ మీద ఉంటాయి, అది మార్చకపోతే రంగు పోతుంది. లావుగా కనిపించడం కూడా అంతే, పాత టీవీల కొలత 4:3 బొమ్మను వెడల్పు టీవీకి సాగదీశారు. క్యాసెట్ చెక్కుచెదరకుండా ఉంటే మళ్లీ చేయించుకోండి, అది వాళ్ల తప్పే కాబట్టి డబ్బులు అడిగితే ఊరుకోవద్దు.

ఇంకా ఓపికుంటే మీరే చేసుకోవచ్చు. కోఠి గుజరాతీ గల్లీలో యూఎస్‌బీ క్యాప్చర్ కార్డు అడగండి. వీసీఆర్ వెనక పసుపు పిన్ను బొమ్మకు, తెలుపు, ఎరుపు సౌండుకు. మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలూ పడుతుంది, దీనికి షార్ట్‌కట్ లేదు, వదిలేసి పక్కకు పోతే మధ్యలో బొమ్మ గీతలు పడ్డా తెలియదు, వీసీఆర్ ట్రాకింగ్ బటన్‌తో బొమ్మ సరిచేస్తూ దగ్గరే కూర్చోవాలి.

దేవరకొండ అబ్బాయి:
థాంక్స్ అన్నా. పాల్ సంగతి స్టూడియోలో అడుగుతా, ఏం చెప్తారో చూడాలి. అక్కకైతే డిస్కే కావాలి, వాళ్లింట్లో డీవీడీ ప్లేయర్ ఇంకా నడుస్తుంది. మూడు గంటలు ఒక్క డిస్క్‌లో పడతాయా?

పాలమూరు వాలా:
పడతాయి కానీ నాణ్యత చంపుకుని పడతాయి. మామూలు డీవీడీ 4.7 జీబీ, రెండు గంటలైతే నీట్‌గా ఉంటుంది, కాబట్టి రెండు డిస్క్‌లు చేయించండి. అయితే ముందు ఫైల్‌గా హార్డ్‌డిస్క్‌లోకి తీసుకుని, దాన్నుంచి అక్కకు డిస్క్ రైట్ చేయండి. నా పాత డిస్క్‌లు గీతలు పడి మధ్యలో ఆగిపోతున్నాయి, ఇప్పుడొచ్చే చాలా లాప్‌టాప్‌లలో డ్రైవే లేదు. ఫైల్ రెండు చోట్ల ఉండాలి.

టేపుల డాక్టర్:
అన్నీ అయ్యాక క్యాసెట్లు పారేయకండి. కొత్త వీసీఆర్ దొరకదు, జపాన్‌లో చివరి కంపెనీ 2016లోనే ఆపేసింది, అయినా అసలుది అసలుదే. క్యాసెట్ వెనక అంచున చిన్న ప్లాస్టిక్ ట్యాబ్ ఉంటే ఈ రోజే విరిచేయండి, చుట్టాల వీసీఆర్‌లో పొరపాటున రికార్డ్ నొక్కినా పెళ్లి చెరిగిపోదు.