మూత్రాశయం క్యాన్సర్‌కి ఎన్‌కే సెల్స్‌ని బలపరిచే మందు, ఎవరికైనా తెలుసా అండి?

అందరికీ నమస్కారమండి, మాది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. మా నాన్నకి 63 ఏళ్ళు, మూత్రాశయంలో గడ్డ తీసి విశాఖలో బీసీజీ మందు (టీబీ టీకాలో వాడేదే, సంచిలోకి ఎక్కిస్తారు) 6 వారాలు, మళ్ళీ 3 వారాలు ఎక్కించారు, అయినా మొన్న కెమెరా పెట్టి చూస్తే మళ్ళీ వచ్చిందన్నారు. పైపొరలో చదునుగా పాకే రకమంట. సంచి మొత్తం తీసేయాలంటున్నారు, నాన్నేమో ఏటైనా సరే ఆపరేషనొద్దని అన్నం కూడా సరిగ్గా తినట్లేదు.

నేను చదివిందేటంటే మన రక్తంలో ఎన్‌కే సెల్స్ (నేచురల్ కిల్లర్ అనే తెల్ల రక్తకణాలు) ఉంటాయి, అవి క్యాన్సర్ కణాల్ని పసిగట్టి చంపుతాయి గానీ గడ్డ దగ్గరికొచ్చేసరికి నీరసపడిపోతాయి, ఐఎల్-15 అనే సిగ్నల్ అందితే మళ్ళీ పుంజుకుంటాయని. అలా పనిచేసే ఆంక్టీవా అనే మందుకి 2024 ఏప్రిల్‌లో అమెరికాలో పర్మిషన్ ఇచ్చారు, బీసీజీ ఒక్కటే పనిచేయని ఈ రకానికే, బీసీజీతో కలిపి సంచిలోకే ఎక్కిస్తారు.

మన దేశంలో ఎవరైనా అది తెప్పించుకున్నారా? ఎంతయింది, ఎవర్ని అడగాలి?

ఇంకోటండి, ఒక క్లినిక్ వాళ్ళు రక్తం తీసి ఎన్‌కే సెల్స్ పెంచి ఎక్కిస్తాం, లక్షలవుతాయంటున్నారు, ట్రయల్ నంబరు (మందుల పరీక్షకి రిజిస్టర్ చేసిన నంబరు) అడిగితే మాట దాటేస్తున్నారు, నాకు నమ్మకం కుదరట్లేదు గానీ అమ్మ పొలం అమ్మేద్దామంటోంది. ఈలోపు ఆపరేషన్ ఎన్నాళ్ళు ఆపొచ్చో కూడా డాక్టర్లెవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.