బొబ్బిలి దగ్గర దొరికిన గుండు పెంకు: పేలేదా, మంటపెట్టేదా?

బొబ్బిలి పక్క ఊళ్లో చెరువు పూడికమట్టిలో పోత ఇనుప గుండు పెంకు దొరికింది. అరచేయంత ఉంది. బరువు 900 గ్రాములు, మందం 2 సెం.మీ. అట్టముక్కను వంపుగా కోసి ఆనిస్తే గుండు వ్యాసం 14 సెం.మీ. వస్తోంది, తుప్పు పొరలు లేస్తున్నాయి కాబట్టి అర సెంటీమీటరు అటూ ఇటూ. విరిగిన అంచున సగం రంధ్రం ఉంది. వెడల్పు 2.5 సెం.మీ., లోపలికి పోయేకొద్దీ కాస్త సన్నబడుతోంది.

పేలే గుండుకు రంధ్రం ఒక్కటే. లోపలి మందుకు నిప్పందించే కర్ర గొట్టం (ఫ్యూజు) అందులో బిగిస్తారు కాబట్టి ఆ రంధ్రం సన్నబడాలి. కార్కస్ అనే మంటగుండుకు మూడు నాలుగు రంధ్రాలుంటాయి, వాటిలోంచి మంట కక్కుతుంది. పెంకుగా దొరికినంత మాత్రాన పేలిందే అనలేను, కార్కస్ కూడా గట్టినేల మీద పడి పగలొచ్చు. 1757 జనవరి 24న కోట తగలబడిందన్నదీ ఆధారం కాదు: లోపలివాళ్లే ఇళ్లకు నిప్పు పెట్టుకున్నారని కథనాలున్నాయి. లోపలి నల్లటి పెచ్చునూ నమ్మలేను, తడిమట్టిలో తుప్పు కూడా అలాగే నల్లబడుతుంది. మ్యూజియం ఫొటోలతో పోల్చాను, ఒక్కదానిలోనూ రంధ్రం లోపలి గోడ కనబడదు.

కార్కస్‌ను దగ్గరగా చూసినవాళ్లు చెప్పండి: దాని రంధ్రాలు తిన్నగా ఉంటాయా, ఇలా లోపలికి సన్నబడతాయా?