1890లో జెప్పెలిన్‌ను సైన్యం నుంచి పంపేయడం న్యాయమేనా?

పాతపటం:
కౌంట్ ఫెర్డినాండ్ ఫాన్ జెప్పెలిన్ అనగానే అందరికీ ఎయిర్‌షిప్పే (తేలికైన గ్యాస్‌తో తేలుతూ ఇంజిన్‌తో నడిచే గాలి ఓడ) గుర్తొస్తుంది. అంతకుముందు ఆయన ముప్పై ఏళ్లకు పైగా దక్షిణ జర్మనీలోని వుర్టెంబర్గ్ రాజ్యపు సైన్యంలో పనిచేశాడు. 1890 సైనిక విన్యాసాల్లో అశ్వికదళాన్ని సరిగ్గా నడపలేదని, జర్మన్ సామ్రాజ్యంలో పెద్ద రాజ్యమైన ప్రష్యా అధికారులు తప్పుపట్టారు. 52 ఏళ్ల వయసులో ఇంటికి పంపేశారు. నా దృష్టిలో అది వట్టి సాకు. ఆ ఏడాదే ఆయన ఒక నివేదిక రాశాడు. వుర్టెంబర్గ్ దళాల మీద ప్రష్యా పెత్తనం ఎక్కువైందని, వాటి మీద అధికారం వుర్టెంబర్గ్ రాజుకే ఉండాలని అందులో వాదించాడు. ప్రష్యా రాజు కూడా అయిన జర్మన్ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్‌కి అది నచ్చలేదు. అసలు కారణం అదే. మీరేమంటారు?

గుర్రపుడెక్క:
సాకు అని అంత తేలిగ్గా తీసెయ్యకండి. ఆయన ధైర్యస్థుడే, కాదనను. కానీ ధైర్యం వేరు, మనుషుల్ని నడిపించడం వేరు. షిర్లెన్‌హోఫ్‌లో ఏం జరిగింది? ఫ్రాన్స్‌తో యుద్ధం మొదలైన కొత్తలో, 1870 జులై 24న, ఫ్రెంచి సైన్యం ఎక్కడుందో చూసి రావడానికి కొద్దిమంది బాడెన్ (మరో జర్మన్ రాజ్యం) రౌతులతో ఫ్రాన్స్‌లోని ఆల్సాస్‌లోకి వెళ్లాడు. మర్నాడు శత్రువుల గడ్డ మీద ఒక సత్రం దగ్గర ఆగారు. ఫ్రెంచి రౌతులు వచ్చి మీద పడ్డారు. విన్‌స్లో అనే లెఫ్టినెంట్ చనిపోయాడు. అక్కడున్న మిగతావాళ్లు పట్టుబడ్డారు. నాయకుడు మాత్రం గుర్రమెక్కి తప్పించుకున్నాడు. దాన్ని వీరగాథలా చెప్పుకుంటారు గానీ, నాకు విన్‌స్లోనే కళ్లముందు కదులుతాడు.

పాతపటం:
విన్‌స్లో గురించి మీ బాధ నాకూ ఉందండీ. కానీ నిఘాకు వెళ్లినవాడి పని చూసింది వెనక్కి చేర్చడం. ఆయన కూడా లొంగిపోతే ఆ ప్రయాణమంతా వృథా. నడి వేసవిలో గుర్రాలకు నీళ్లు, మేత లేకుండా తిరిగెలా వస్తారు? పైగా 1870లో జరిగింది చూపించి 1890 తీర్పును సమర్థించలేం.

స్టుట్‌గార్ట్ తెలుగోడు:
నేనుండే చోటికి దగ్గర్లోనే ఎఖ్టర్‌డింగెన్ ఉంది. 1908 ఆగస్టు 5న ఆయన నాలుగో ఎయిర్‌షిప్ కాలిపోయింది అక్కడే. జనం అరవై లక్షల మార్కులకు పైగా చందాలిచ్చి ఆయన్ని నిలబెట్టారు. ఉద్యోగం పోవడమే మంచిదైందని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఎయిర్‌షిప్ ఆలోచన 1874 నాటి ఆయన డైరీలోనే ఉంది. తర్వాత మంచి జరిగిందని అప్పుడు చేసిన అవమానం ఒప్పయిపోదు.

గుర్రపుడెక్క:
అవమానం మాట నిజమే. నివేదిక వల్ల ఆయన మీద కోపం పెరిగిందనీ ఒప్పుకుంటాను. పాతపటం గారూ, ఒక్కటి అడుగుతాను: ఆ విన్యాసాల్లో ఆయన దళం బాగా నడిచిందని చూపించగలరా? అది తేలేదాకా సాకు అనే మాట నేను అనలేను.